ఒప్పందాల లెక్క సరే, విశాఖలో పని లేనివాళ్ల లెక్క ఏదీ?

మంత్రి నారా లోకేశ్ గారికి, నమస్కారం.

విశాఖకు కంపెనీలు వస్తుంటే మాకు నిజంగానే సంతోషంగా ఉందండి. రుషికొండలో టీసీఎస్‌కు 99 పైసల నామమాత్రపు ధరకు 21.16 ఎకరాలు ఇచ్చారు, 12 వేల ఉద్యోగాలన్నారు. కాగ్నిజెంట్ కాపులుప్పాడలో 8 వేలంది. 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ఒప్పందం, ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు. ఈ అంకెలు ఊళ్లో అందరికీ నోటికొచ్చు. ఇదే ఊళ్లో ఇవాళ ఎంతమంది పని కోసం తిరుగుతున్నారు, పోయినేడాది కంటే పెరిగారా తగ్గారా అని అడిగితే మాత్రం చూపించడానికి ఒక్క కాగితం లేదు.

ఎంతమందికి పని ఉందో, ఎంతమందికి లేదో తేల్చడానికి కేంద్రం చేసే పీఎల్ఎఫ్ఎస్ సర్వే ఉంది కదా అనొచ్చు. 2025 జనవరి నుంచి దాన్ని మార్చారు, ఇప్పుడు నెలనెలా అంకెలొస్తున్నాయి, మంచిదే. కానీ ఆ నెలవారీ లెక్క దేశం మొత్తానికి, రాష్ట్రాలకైతే మూడు నెలలకోసారి, అందులో మా నగరం విడిగా కనబడదు. పైగా ఆ లెక్క గడిచిన వారం పనిని బట్టి వేస్తారు, ఆ ఏడు రోజుల్లో ఒక్క గంట పనిచేసినా పని ఉన్నట్టే. అంటే బీటెక్ చదివి సాయంత్రం మూడు గంటలు బండి మీద ఫుడ్ డెలివరీ చేసే కుర్రాడూ, స్టీల్ ప్లాంట్‌లోకి వెళ్లే గేట్ పాస్ పోయి మేస్త్రీ ఫోన్ చేసిన రోజు మాత్రమే పనికెళ్లే వెల్డరూ ఇద్దరూ ఉద్యోగస్తులే! ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పొద్దున్నుంచి రాత్రిదాకా గ్రూప్స్ పుస్తకాలు ముందేసుకుని కూర్చునే పిల్లలు పని వెతకట్లేదు కాబట్టి నిరుద్యోగుల్లోకీ రారు. వాళ్ల అమ్మానాన్నల టెన్షన్ ఏ కాలమ్‌లో రాస్తారు?

నాకు ఎక్కువ బాధ గాజువాక వైపు గురించే. స్టీల్ ప్లాంట్‌కు కేంద్రం 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది, అదే ఏడాది కాంట్రాక్ట్ కార్మికులు తమను తీసేస్తున్నారని సమ్మె చేయాల్సి వచ్చింది. ప్లాంట్ కేంద్రానిదే, ఒప్పుకుంటా. కానీ పని పోయిన మనిషి అద్దె కట్టేది కూర్మన్నపాలెంలో, అప్పు రాయించేది అగనంపూడి కిరాణా కొట్టులో, పిల్లల ఫీజు కట్టేది ఇక్కడే. ఇరవై ఏళ్లు క్రేన్ కింద ఖలాసీగా పనిచేసిన నలభై అయిదేళ్ల మనిషికి రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఎలా వస్తుంది? జాబ్ మేళాకి వెళ్తే అక్కడ ఎక్కువగా ముప్పై లోపు వాళ్లనే అడుగుతారు. డేటా సెంటర్ కట్టేటప్పుడు పని ఉంటుంది, కట్టాక అంత పెద్ద భవనాన్ని నడపడానికి కావలసింది కొద్దిమందే, ఈ మాట ముందే చెప్పి ఆ కట్టే పనైనా ఇక్కడి రిగ్గర్లకీ ఫిట్టర్లకీ దక్కేలా చూడొచ్చు కదండీ.

2024 జూన్‌లో ముఖ్యమంత్రి గారు బాధ్యతలు తీసుకోగానే పెట్టిన మొదటి అయిదు సంతకాల్లో నైపుణ్య గణన, అంటే ఎవరికి ఏ పని వచ్చో లెక్క తీయడం, ఒకటి. ఎన్నికల్లో 20 లక్షల ఉద్యోగాలు, లేదంటే నెలకు 3 వేల భృతి అన్నారు. మనిషి మనిషినీ లెక్కపెట్టకుండా ఆ భృతి ఎవరికిస్తారు?

అందుకే అడుగుతున్నాను. మూడు నెలలకోసారి జీవీఎంసీ (మన నగరపాలక సంస్థ) జోన్లవారీగా ఎంతమందికి పని లేదో, ఎంతమందికి సగం పనే ఉందో బయటపెట్టండి. భూమి తీసుకున్న ప్రతి కంపెనీలో నిజంగా చేరినవాళ్లు ఎందరు, వాళ్లలో పర్మినెంట్ ఎందరు, కాంట్రాక్ట్ ఎందరు, జీతం ఎంత, ఇవి కూడా. ఉద్యోగాలు పోయినచోట కూడా అంతే వివరంగా రాయండి. కంచరపాలెం ఉపాధి కల్పనా కార్యాలయానికి మనుషుల్నిచ్చి ఈ పని అప్పగిస్తే చాలు. ముందు గాజువాక జోన్‌తో మొదలుపెట్టండి, అంకె పెద్దదొచ్చినా దాచకండి.

ఇట్లు,
గాజువాక నివాసి