2024–25 వార్షిక నివేదిక: కార్యదర్శి సమర్పణ

సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, సరాసరి పనుల్లోకి వస్తాను.

ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవాల్సింది బార్లకొచ్చే, బార్లలో పనిచేసే ఆడవాళ్ల భద్రతపై సిబ్బందికి అక్టోబర్ 2న ఇచ్చిన శిక్షణే. గాంధీ జయంతి డ్రై డే, అంటే మద్యం అమ్మకూడని రోజు, జూబ్లీహిల్స్ నుంచి కొండాపూర్ దాకా బార్లన్నీ మూత. మనవాళ్లందరికీ ఒకేసారి సెలవు దొరకడమే అపురూపం. అదే రోజు ఎంగిలిపూల బతుకమ్మ పడటంతో ఆడవాళ్లు రారేమో అనుకున్నాం. మూడింటికల్లా వదిలేస్తామని మాటిచ్చాం, వచ్చారు. యూసుఫ్‌గూడలోని ఫంక్షన్ హాల్లో బౌన్సర్లు, వెయిటర్లు, బార్‌టెండర్లు, కార్లు పార్క్ చేసే వ్యాలే కుర్రాళ్లు, వాష్‌రూమ్ ఆయమ్మలు ఒకే వరుసలో కూర్చున్నారు. నేపాల్, ఒడిశా పిల్లలూ ఉన్నారు కనుక సగం హిందీలో నడిచింది.

ఉపన్యాసాలు తగ్గించి సీన్లు ఆడించాం. తూలుతున్న అమ్మాయిని ఒకడు కారెక్కించబోతూ ‘మా ఫ్రెండే బ్రో, నేను దింపేస్తా’ అంటాడు. వ్యాలే కుర్రాడు తాళం చేతికివ్వకుండా ‘మేడం ఇంటిపేరేంటి సార్?’ అని అడిగాడు. హాలంతా చప్పట్లు. తర్వాత బండి తేవడం ఆలస్యం చేయడం, ఈలోగా మహిళా సిబ్బంది అమ్మాయిని పక్కకు తీసుకెళ్లి మాట్లాడటం, ఆమె ఫోన్ నుంచే ఇంటివాళ్లకు కాల్ చేయించడం, అప్పటికీ అతను వినకపోతే పోలీసుల అత్యవసర నంబర్ 112. బౌన్సర్లకు మాత్రం చెయ్యి చేసుకోకుండా మాటలతో నిలబెట్టడం నేర్పడానికే ఎక్కువసేపు పట్టింది.

ఒక ఆయమ్మ లేచి అడిగింది: ‘పిల్ల ఏడ్సుకుంట లోపలికొచ్చి బయటికి పోనంటే ముందుగాల నాకే తెలుస్తది సార్. నేనెవలికి చెప్పాలె? నన్ను ఫోనే పట్టుకోనియ్యరు.’ శిక్షకుల దగ్గర కూడా దీనికి జవాబు లేదు. వాష్‌రూమ్ దగ్గర ఒక వాకీటాకీ ఉంచమని మేనేజర్లకు ఆ వారమే ఉత్తరాలు రాశాం. కొందరు ఉంచారు.

ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో 2016లో మొదలైన ‘ఆస్క్ ఫర్ ఏంజెలా’ పద్ధతిలో (ఇబ్బందిలో ఉన్నవాళ్లు ‘ఏంజెలా ఉందా’ అని అడిగితే సిబ్బంది అర్థం చేసుకుని సాయపడతారు) మనమూ ఒక గుర్తుమాట పెట్టుకుని, ఆడవాళ్ల వాష్‌రూముల్లో స్టిక్కర్లు అంటించాం. ఆ మాట ఇక్కడ రాయను. ఈ నివేదిక ఎవరెవరి చేతుల్లోకి పోతుందో తెలిసిందే.

చట్టం సంగతి మహిళా న్యాయవాది ఒకరు చెప్పారు. పనిచోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. వచ్చిపోయే కస్టమర్ల వేధింపుల నుంచి సిబ్బందిని కాపాడటం కూడా యజమాని బాధ్యతే. రాత్రి దింపే క్యాబ్ యజమాని ఏర్పాటు చేసినదైతే అదీ పనిచోటు కిందికే వస్తుంది. ఇది విని మన వెయిట్రెస్‌లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆడవాళ్ల వేధింపులు చూసే, 2014 నుంచి పనిచేస్తున్న పోలీసు షీ టీమ్స్ గురించి, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వగలిగే జీరో ఎఫ్‌ఐఆర్ గురించి కూడా చెప్పారు. జూబ్లీహిల్స్ హైదరాబాద్ పోలీసు కమిషనరేట్, నాలుగడుగులేస్తే మాదాపూర్ సైబరాబాద్. ‘మా పరిధి కాదు’ అనే మాట మనవాళ్లు విననిది కాదు.

ఇక బాధ కూడా చెప్పాలి. యజమానులందరినీ పిలిచాం. ముందు వరుస కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. లైసెన్స్ రెన్యువల్‌కు ఈ శిక్షణను షరతు చేయమని ఒక కార్యాలయానికి అర్జీ పెట్టాం. వెళ్లిన ప్రతిసారీ ‘సార్ మీటింగ్‌లో ఉన్నారు’. వాళ్లనే అనడమెందుకు, స్టిక్కర్లు అంటించడానికి వస్తామని గ్రూపులో బొటనవేళ్లు లేపిన సభ్యుల్లో ఎంతమంది వచ్చారో వాళ్లకే తెలుసు. ఉపాధ్యక్షురాలు గారు, ఇద్దరు కాలేజీ అమ్మాయిలు లేకపోతే ఆ కట్టలు ఇంకా ఆఫీసులోనే ఉండేవి.

జమాఖర్చుల పట్టిక వెనక జతచేశాం, ఆడిటర్ సంతకం అయింది. భోజనాల ఖర్చు మించింది, దాతలు సర్దారు. సందేహాలుంటే కోశాధికారి గారిని అడగండి.

హాలు అద్దె తగ్గించిన యజమానికి, వంటవారికి, ఫీజు తీసుకోని న్యాయవాది గారికి, మైకు సెట్టు అబ్బాయికి, సెలవు రోజు నిద్ర మానుకుని వచ్చిన సిబ్బందికి పేరుపేరునా ధన్యవాదాలు.

వచ్చే శిక్షణ ఆగస్టు 15న, అదీ డ్రై డేనే. ప్రతి బార్ నుంచి ఒక మేనేజర్ పేరు కూడా ఇస్తేనే మిగతా పేర్లు తీసుకోవాలని కార్యవర్గం నిర్ణయించింది. సభ ఆమోదం కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి