వీడియోగ్రాఫర్ల సంఘం వార్షిక నివేదిక: గత ఉగాది నుంచి ఈ ఉగాది దాకా

సభ్యులందరికీ, వారి కుటుంబాలకు నమస్కారం.

ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఒప్పంద పత్రం. ముందుగా దాని గురించే రాస్తున్నాను.

మన కోనసీమలో పెళ్లిళ్ల మీదే బతికే రోజులు పోయాయి. ఆషాఢం, పుష్యం ఎలాగూ ఖాళీ. మూఢం కూడా తోడైతే నెలల తరబడి ముహూర్తాలుండవు. ఆ రోజుల్లో మనవాళ్లు రొయ్యల చెరువుల మీద మేత కంపెనీల వీడియోలు తీస్తున్నారు, కడియం నర్సరీలకు రీల్స్ చేస్తున్నారు, బండారులంక మగ్గాల దగ్గర కెమెరాతో కూర్చుంటున్నారు, స్కూలు వార్షికోత్సవాలకు, గుడి ఉత్సవాలకు లైవ్ ఇస్తున్నారు. పెళ్లివారిది మన ఊరో పక్క ఊరో కాబట్టి అంతా మాట మీద నడిచిపోతుంది. కంపెనీలతో అలా కుదరదు.

మన సభ్యుడొకరు ఒక మేత కంపెనీకి వీడియో చేసిచ్చారు. అడ్వాన్సు తప్ప మిగతాది నెలలు గడిచినా రాలేదు. ఈలోగా అదే ఫుటేజీ ముక్కలు వేరే జిల్లాలో ఇంకో ప్రకటనలో కనిపించాయి. సంఘం తరఫున వెళ్లి గట్టిగా అడిగితే బ్యాలెన్సు కట్టారు. రెండోసారి వాడుకున్నందుకు మాత్రం పైసా ఇవ్వలేదు. లాయరుగారిని అడిగాక అసలు సంగతి తెలిసింది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్నవాళ్లే ఆ వీడియోకి మొదటి హక్కుదారులు. రాత్రంతా మేలుకుని ఎడిట్ చేసినవాడికి కాగితం లేకపోతే ఏ హక్కూ మిగలదు. అందుకే మన పత్రంలో వీడియో ఎక్కడ, ఎంతకాలం వాడుకోవచ్చో రాసుకునే చోటు పెట్టాం. బ్యాలెన్సు ముట్టాకే హక్కు వాళ్లకు వెళ్తుందన్న షరతు కూడా చేర్చాం. కాపీలు కార్యదర్శి దగ్గరున్నాయి. మొహమాటపడకుండా వాడండి.

గోదావరి పాయల మధ్య ఉన్న లంక గ్రామాల పెళ్లిళ్ల కోసం ఇంకో షరతు చేర్చాం. శ్రావణ ముహూర్తాలూ గోదావరి వరదా ఒకే రోజుల్లో వస్తాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 2022 జులైలో మూడోది కూడా దాటిపోయింది. కాజ్‌వే మునిగాక కెమెరా బ్యాగులు, లైట్లు పడవెక్కించి వెళ్లడం సాహసం అనిపించుకోదు, అది ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఇకపై హెచ్చరిక జారీ అయి దారి మునిగితే అడ్వాన్సు పోదు, మారిన తేదీకి జమ అవుతుంది. ఆ తేదీకి మనకు వేరే పని ఉంటే మరో సభ్యుడు వెళ్తారు. పెళ్లివారికి ముందే చెబితే ఎవరూ కాదనలేదు.

శిక్షణ శిబిరాల్లో ఆత్రేయపురంలో జరిగింది బాగా పనికొచ్చింది. అక్కడి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటి నుంచి తయారీదారులు వీడియోలు బాగా అడుగుతున్నారు. తీయడం అంత తేలిక కాదు. పలుచటి పిండినీళ్లలో ముంచిన గుడ్డను కాలిన కుండ మీద ఒక్కసారి లాగుతారు. కన్నుమూసి తెరిచేలోగా రేకు ఆరిపోతుంది, చేత్తో ఎత్తేస్తారు. ఆటోఫోకస్ ఆ రేకును పట్టుకోలేదు, వెనక గోడకో మనిషి చీరకో వెళ్లిపోతుంది. ఫోకస్‌ను చేత్తో కుండ అంచు మీద పెట్టి వదిలేయాలి. లైటు ఎదురుగా వేస్తే వీడియోలో రేకు తెల్లగా వెలిసిపోయి కనబడదు. పక్క కిటికీ వెలుగు తగిలేలా నిలబడితే, నల్లటి కుండ ముందు రేకు నరాలతో సహా కనిపిస్తుంది. ట్యూబులైటు ఉంటే షటర్ వేగం సెకనులో 50వ వంతులోనో 100వ వంతులోనో ఉంచాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అప్పుడు ఫ్లిక్కర్, అంటే వీడియోలో వెలుగు మిణుకుమనడం, రాదు. పెళ్లిపందిరి సీరియల్ లైట్ల దగ్గర కూడా ముందు ఇదే పెట్టి చూడండి. పొయ్యి దగ్గర కూర్చున్న ఆవిడను ‘ఇంకోసారి చేయమ్మా’ అని విసిగించొద్దని అక్కడే అనుకున్నాం. ఆవిడ ఎలాగూ మళ్లీ చేస్తారు, మనం ఆగితే చాలు. ఆవిడ పని ఆగిన సమయానికి డబ్బు ఇవ్వడం మన ధర్మం.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి, అంటే ఊరూరి నుంచి ఎత్తైన వెదురు ప్రభలను భుజాల మీద మోసుకొచ్చే ఉత్సవానికి, ఈసారి జట్టుగా వెళ్లాం. 2023 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటం ప్రభల తీర్థమే కావడంతో బయటివాళ్లు కూడా ఫుటేజీ అడుగుతున్నారు. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువ దాటే చోట అందరూ ఒకేసారి డ్రోన్లు లేపితే కింద మోసేవాళ్లకు ప్రమాదం. అందుకే పోలీసు అనుమతి తీసుకుని ఒక్క డ్రోనే ఎగరేసి ఫుటేజీ అందరం పంచుకున్నాం. గుర్తుంచుకోండి, 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో డబ్బులకు పనిచేయాలంటే 2021 నిబంధనల ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. కోర్సు ఫీజు ఎక్కువేనని తెలుసు. సభ్యులకు వాయిదాల్లో అప్పు ఇవ్వాలని కమిటీ సిఫార్సు చేస్తోంది.

సముద్రపు గాలికి లెన్సుల్లో ఫంగస్ పట్టడం మనకు మామూలే. సంఘం గదిలో తేమ చేరని డ్రై బాక్స్ పెట్టాం, వానాకాలంలో ఎవరైనా వాడుకోవచ్చు. జమాఖర్చులు ఆడిటరుగారి సంతకంతో విడిగా జతచేశాం.

సర్వసభ్య సమావేశంలో తేల్చాల్సింది ఒకటుంది. డెలివరీ అయ్యాక ముడి ఫుటేజీని ఎంతకాలం ఉంచాలి? ఆర్నెల్లు చాలని కొందరు, హార్డ్ డిస్కుల ఖర్చు భరించలేమని కొందరు అంటున్నారు. నా అభిప్రాయం, ఏడాది ఉంచాలి, తర్వాత చెరిపేసే ముందు ఆ ఇంటివాళ్లకు ఫోన్ చేయాలి. ఎడిట్‌లో తీసేసిన తాతగారి రెండు మాటలు ఆయన పోయాక ఆ ఇంటికి ఎంత విలువైనవో మనందరికీ తెలుసు. ఓటింగు చేతులెత్తి జరుగుతుంది. సభ్యత్వ రుసుము బాకీ ఉన్నవారు ఆలోపు కట్టేస్తే ఓటు వేయవచ్చు.

ఇట్లు,
కార్యదర్శి