జర్నలిజం చదవాలా అని అడిగావు కదా

దోస్తూ,

నీ మెసేజ్ చూశాక ఫోన్లో రెండు ముక్కలు టైప్ చేసి పంపుదామనుకున్నా కానీ మనసొప్పలేదు. నువ్వడిగింది చిన్న విషయం కాదు. దసరా సెలవులకు మునుగోడు దగ్గర మా ఊరికొచ్చి ఉన్నాను, తీరిక దొరికింది. నిదానంగా రాస్తున్నా, నువ్వూ నిదానంగా చదువు.

మీ నాయిన బీఈడీ చెయ్యమంటున్నారు, నీకేమో జర్నలిజం మీద మనసు పడింది. "మా మండలంలో ఏ కోర్సూ చెయ్యకుండానే విలేకరులైనోళ్లు ఎంతమంది లేరు, రెండేళ్లు పెట్టి చదవాల్సిన పనేముంది?" అని అడిగావు. నా మాట సూటిగా చెప్తా. చదువు. అయితే స్టూడియోలో కోటు వేసుకుని కూర్చోవచ్చని మాత్రం చదవకు. మీ పాలమూరు గురించి ఆధారం చేతిలో పెట్టుకుని రాయడం నేర్చుకునేందుకు చదువు. మన జిల్లాల్లో జరిగేదానికి లోటు లేదు. దాన్ని కాగితాలతో, లెక్కలతో సహా పట్టుకోగలిగినవాళ్లకే కరువు.

ఎందుకంటున్నానో మా ఊరి సంగతితోనే చెప్తా. మా దిక్కు తాగే నీళ్లలో ఎముకలు వంచేసే ఫ్లోరైడ్ గురించి నీకు తెలిసిందే. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మండలాల్లో నడుము వంగిపోయినవాళ్ల ఫొటోలు ఎన్నేళ్లుగా పేపర్లలో వచ్చాయో లెక్కలేదు. చూసినవాళ్లంతా అయ్యో అన్నారు. నేను వాళ్ల మధ్యనే పెరిగాను. అయినా నీళ్ల పరీక్ష రిపోర్టు ఎట్లా చదవాలో యూనివర్సిటీకి పోయేదాకా నాకెవరూ చెప్పలేదు. ఒకరోజు క్లాసులో సార్ తాగునీటి ప్రమాణాల పట్టిక మా ముందు పెట్టారు. ఐఎస్ 10500 అంటారు దాన్ని. అందులో ఫ్లోరైడ్ ఎదురుగా రెండు అంకెలుంటాయి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫర్వాలేదు. వేరే నీళ్లు దొరకని చోట మాత్రం 1.5 దాకా సర్దుకోవచ్చు.

ఇప్పుడు ఒక ఊరి బోరులో 1.3 వచ్చిందనుకో. ఆఫీసుకు పోయి అడిగితే "పరిమితిలోనే ఉంది" అంటారు. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ ఊరికి మిషన్ భగీరథ, అంటే ఇంటింటికీ తాగునీళ్లిచ్చే సర్కారు పథకం నల్లా ఉందంటే వేరే నీళ్లు ఉన్నట్టే కదా? అప్పుడు 1తోనే పోల్చాలి. పోనీ నల్లా ఉంది గాని నీళ్లు రోజూ రావడం లేదు, జనం మళ్లీ బోరు దగ్గరికే పోతున్నారు, అప్పుడేమిటి? చూశావా, ఒక్క అంకె మీద ఎన్ని ప్రశ్నలు పుట్టాయో. ఈ ప్రశ్నలు అడిగే విలేకరికి జవాబు చెప్పక తప్పదు. వంగిన నడుము ఫొటో ఒక్కటే పట్టుకుపోయినవాడికి సానుభూతి మాటలు చెప్పి పంపేస్తారు. పటిక, సున్నం వేసి నీళ్లలోని ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారు చేశారు. దాని పేరు నల్గొండ టెక్నిక్. రోగం పుణ్యమా అని మా జిల్లా పేరు సైన్స్ పుస్తకాల్లోకి ఎక్కింది. అది తలచుకున్నప్పుడల్లా నాకు కడుపు రగులుతుంది. ఆ మంటతోనే ఈ చదువులోకి వచ్చాను.

కోర్సు సంగతికొస్తా. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954లోనే మొదలైంది, దేశంలోని పాతవాటిలో అదొకటి. పీజీ రెండేళ్లు. రిపోర్టింగ్, ఎడిటింగ్, పత్రికల చరిత్ర, చట్టాలు, టీవీ, డిజిటల్, చివర్లో ప్రాజెక్టు, మధ్యలో ఇంటర్న్‌షిప్. కమ్యూనికేషన్ సిద్ధాంతాలు కొన్ని పరీక్ష కోసం చదివి పాసవ్వాల్సిందే, వాటి గురించి టెన్షన్ పెట్టుకోకు. రిపోర్టింగ్ క్లాసులు, చట్టాల క్లాసులు మాత్రం ఒక్కటి కూడా వదలొద్దు.

రిపోర్టింగ్ క్లాసులో జరిగింది ఒకటి చెప్తా. మేడమ్ ఒక ప్రెస్ నోట్ ఇచ్చి వార్త రాయమన్నారు. ఒక ఊళ్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కొత్త భవనం ప్రారంభం. రిబ్బన్ ఎవరు కత్తిరించారు, వేదిక మీద ఎవరెవరున్నారు, ఎవరు ఎవరికి శాలువా కప్పారు, పేజీ నిండా అదే. అందరం రాశాం. మేడమ్ అన్నీ పక్కన పెట్టి, నోట్‌లో ఆఖరి వాక్యం పైకి చదవమన్నారు. "డాక్టర్, స్టాఫ్ నర్సు పోస్టులను త్వరలో భర్తీ చేస్తారు." క్లాసంతా గప్‌చుప్. భవనం తెరిచారు, లోపల డాక్టర్ లేడు. రేపు పొద్దున జ్వరంతో పిల్లను ఎత్తుకుని అక్కడికి పోయే తల్లికి కావాల్సింది ఆ ముక్కే. "ఇంట్రో, అంటే వార్త మొదటి వాక్యం, రాసే ముందు ఆ తల్లి మనసులో ఉండాలి" అన్నారు మేడమ్. అప్పటినుంచి ఏ ప్రెస్ నోట్ చూసినా నేను కిందినుంచి పైకి చదువుతాను. నువ్వూ ఇప్పటినుంచే అట్లా చదవడం మొదలుపెట్టు.

చట్టాల దగ్గర ఇంకో సంగతి. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం బాధిత పిల్లల పేరు, ఫొటో, ఇల్లు, బడి, చుట్టుపక్కల ఆనవాళ్లు ఏవీ బయట పెట్టకూడదు. పేరు మార్చేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఊరి పేరు రాసి, తండ్రి ఫలానా పని చేస్తాడని రాసి, పాప ఏ తరగతో రాస్తే ఇక ఆ ఊళ్లో తెలియనిది ఎవరికి? హైదరాబాద్ పేపర్లో అది ఒక వార్త. ఐదు వందల ఇళ్ల ఊళ్లో ఆ పాప తెల్లారి బడికి పోలేని పరిస్థితి. మండలం నుంచి వార్తలు పంపేవాళ్లకు ఈ ఒక్క సెక్షన్ బాగా అర్థమైతే చాలు, ఎంతోమంది పిల్లలు బతికిపోతారు. కోర్సు ఎందుకని అడిగావు కదా, ఇందుకు కూడా.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ టన్నెల్ కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు, గుర్తుంది కదా. శ్రీశైలం నీళ్లు మా నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లకు తేవాలని తవ్వుతున్న సొరంగం అది, దాదాపు 44 కిలోమీటర్లు. లోపల ఉన్నదేమో జార్ఖండ్, యూపీ, పంజాబ్, కశ్మీర్ నుంచి వచ్చినవాళ్లు. మా నీళ్ల కోసం ఎక్కడివాళ్లో వచ్చి ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. ఆ రోజుల్లో మా క్లాసులో వేరే చర్చే లేదు. సొరంగం బయట ఎదురుచూస్తున్న అన్నదమ్ముల ముందు మైకు పెట్టి "మీకెట్లా అనిపిస్తోంది?" అని అడిగితే ఏడుపు తప్ప ఏమొస్తుంది? "మీకు కబురు ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు? ఆయన జీతం ఎంత? చివరిసారి మాట్లాడినప్పుడు లోపల పని గురించి ఏమన్నాడు?" అని అడిగితే వార్త వస్తుంది. పైగా ఆ మనిషిని మనిషిలా చూసినట్టు ఉంటుంది. అడిగే పద్ధతి నేర్చుకోవాల్సిందే రా, పుట్టుకతో ఎవరికీ రాదు.

మీ నాయిన "అదేం పని" అంటున్నారని రాశావు. ఆయన్ని కూర్చోబెట్టి మన పాతవాళ్ల సంగతి చెప్పు. 1922లోనే నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు నీలగిరి పత్రిక నడిపారు. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారిది మీ పాత పాలమూరు జిల్లానే, ఇప్పటి గద్వాల వైపు. నిజాం రాజ్యంలో తెలుగులో చదువుకోవడమే గగనమైన రోజులవి. ఉర్దూలో ఇమ్రోజ్ పత్రిక నడిపిన షోయబుల్లాఖాన్‌ను రజాకార్లు 1948 ఆగస్టు 22న చేతులు నరికి చంపేశారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. రాసిన రాతల కోసమే కదా చంపింది. అంత బరువున్న పని ఇది. మీ నాయినకు ఆ బరువు తెలిస్తే కాదనరు.

ఆయన భయం డబ్బు గురించైతే, ఆ భయం నిజమే. దాచను. మండలాల్లో కంట్రిబ్యూటర్లుగా పనిచేసే చాలామందికి జీతం అనేదే ఉండదు. వార్తలతో పాటు యాడ్స్ కూడా తెమ్మంటారు. పొద్దున ఎవరి దగ్గర యాడ్ తీసుకున్నావో సాయంత్రం అతని మీద వార్త రాయాలంటే చెయ్యి ఆడదు. పంద్రాగస్టుకో, నాయకుల పుట్టినరోజుకో పేజీలు నింపే బాధ్యత కూడా వాళ్ల మీదే పడుతుంది. మంచి మనుషులు, ఊరి గుట్టుమట్లన్నీ తెలిసినవాళ్లు ఇట్లా నలిగిపోవడం నేను కళ్లారా చూశాను. అందుకే నీకు చెప్పేది, చదువు అయ్యాక మొదట డెస్కులో సబ్ ఎడిటర్‌గానో, జీతమిచ్చే రిపోర్టర్ పోస్టులోనో చేరు. జీతం తక్కువైనా సరే, నెల తిరిగేసరికి చేతికి వచ్చేదిగా ఉండాలి. యాడ్స్ తెచ్చే షరతు ఉందా లేదా అని చేరే రోజే అడుగు. అడగడానికి మొహమాటపడితే తర్వాత రోజూ ఇబ్బంది పడాలి.

ఇక నువ్వు ఇప్పటినుంచే చెయ్యగలిగినవి. తెలుగు టైపింగ్ నేర్చుకో, ఫోన్లో కాదు, కీబోర్డు మీద. డెస్కుల్లో ఇంకా అను అనే పాత తెలుగు ఫాంట్లు నడుస్తున్నాయి, యూనికోడ్ కూడా రావాలి. రెండు పేపర్లు కొని ఒకే వార్తను ఎవరెట్లా రాశారో పక్కపక్కన పెట్టుకుని చూడు. పాత పహాణీ, అంటే ఊరి భూముల రికార్డు, ఒకటి సంపాదించి మీ తాత దగ్గర కూర్చో. పట్టాదారు పేరు ఏ గడిలో ఉంటుంది, సాగులో ఉన్నవాడి పేరు ఏ గడిలో ఉంటుంది, ఆ రెండు పేర్లు వేరైతే దాని అర్థమేమిటి, అన్నీ అడిగి తెలుసుకో. మన దగ్గర సగం గొడవలు ఆ రెండు గడుల మధ్యనే ఉన్నాయి. సమాచార హక్కు దరఖాస్తు ఒకటి నీ చేత్తో రాసి వెయ్యి. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే పైఅధికారికి అప్పీలు. "వివరాలన్నీ ఇవ్వండి" అని రాస్తే ఏమీ రాదు. ఏ సంవత్సరం, ఏ ఊరు, ఏ రిజిస్టర్ కాపీ కావాలో రాయాలి.

నీ దగ్గర ఇంకెవరి దగ్గరా లేని వార్త ఒకటి ఉంది, తెలుసా? మీ ఊరి వలస. దసరా, దీపావళి పండుగలకు వచ్చినవాళ్లు మళ్లీ మూటాముల్లె సర్దుకుని బొంబాయి, పుణె దిక్కు బస్సెక్కుతారు. బియ్యం సంచి, పొయ్యి, బిందె, వాటి మీద కూర్చున్న పిల్లలు. "పాలమూరు వలస గోస" అని అందరూ రాసేశారు, నువ్వు అది మళ్లీ రాయకు. బస్సు ఎక్కుతున్న పిల్లల్ని చూడు. ఏ బడి, ఏ తరగతి అని వాళ్లనే అడుగు. తెల్లారి ఆ బడికి పోయి ఎంతమంది వచ్చారో నీ కళ్లతో లెక్కపెట్టు, ఆ తర్వాత హాజరు రిజిస్టర్ చూపించమని అడుగు. పోయిన పిల్లలు అక్కడ ఏ బడిలో చేరారో, అసలు చేరారో లేదో కూలీలను తీసుకుపోయే మేస్త్రీకి ఫోన్ చేసి కనుక్కో. అడ్వాన్సు ఎంత ఇచ్చాడో కూడా అడుగు, చెప్పకపోవచ్చు, అయినా అడుగు. బొంబాయి నుంచి వచ్చే రిపోర్టర్‌కు ఆ పిల్లలు ఎవరో తెలియదు. నీకు వాళ్ల ఇంటిపేర్లు తెలుసు, ఏ పొలం ఎందుకు బీడు పడిందో తెలుసు. నీకున్న ఈ ఎరుకకు చదువు తోడైతే నువ్వు రాసినదాన్ని ఎవరూ కొట్టిపారెయ్యలేరు. పేర్లు, ఫొటోలు వెయ్యాలంటే మాత్రం వాళ్లను అడిగి, వాళ్లు ఒప్పుకున్నాకే.

ఎంట్రన్స్ సీపీగెట్, పీజీ సీట్లకు రాసే ఉమ్మడి పరీక్ష. ఏ డిగ్రీ చేసినా జర్నలిజానికి రాయొచ్చు. నోటిఫికేషన్ మామూలుగా ఎండాకాలంలో వస్తుంది, అప్పటిదాకా టైమ్ చాలా ఉంది. పాత ప్రశ్నపత్రాలు నా దగ్గర ఉన్నాయి, పంపుతా. నా నోట్స్ కూడా ఇస్తా గాని చట్టాల నోట్స్ ఫొటో తీసుకుని తిరిగి ఇచ్చెయ్, పరీక్షలకు నాకూ కావాలి.

సెలవులు అయ్యేలోపు ఒక ఆదివారం మా ఇంటికి రా. అవ్వ నిన్ను అడుగుతూనే ఉంది, సర్వపిండి చేస్తుంది. రాత్రికి ఉండు. సోమవారం ఇద్దరం కలిసి నల్లగొండ కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి పోదాం. అర్జీ పట్టుకుని వరసలో నిల్చున్నవాళ్లతో మాట్లాడదాం, ఇదివరకు ఎన్నిసార్లు వచ్చారో, పాత అర్జీ ఏమైందో కనుక్కుందాం. చేతిలో నోట్‌బుక్ ఉంటే చాలు, కెమెరా వద్దు. సాయంత్రం ఇద్దరం విడివిడిగా వార్త రాసి ఒకరిది ఒకరం దిద్దుకుందాం. మీ నాయిన ఒప్పుకోకపోతే ఫోన్ ఆయనకే ఇవ్వు, నేను మాట్లాడతా. బస్సు ఎక్కేముందు ఒక రింగ్ ఇవ్వు.

నీ దోస్త్