క్లినిక్‌లో పక్కనుండి నేర్పే ప్రిసెప్టర్‌ను ఏర్పాటు చేస్తామన్న హామీ నిలబెట్టుకోనందుకు ఫిర్యాదు

ఇర్వింగ్, టెక్సాస్
2025 మార్చి 10

విద్యార్థి సేవల విభాగాధిపతి గారికి,
హైదరాబాద్ కార్యాలయం

విషయం: ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ (రోగులను పరీక్షించి మందులు రాసే నర్సు) ఆన్‌లైన్ మాస్టర్స్ కోర్సులో పిల్లల, స్త్రీల వైద్యానికి సంబంధించిన క్లినికల్ శిక్షణ రెండు టర్ములుగా ఆగిపోవడం గురించి.

అయ్యా / అమ్మా,

మీ సంస్థ మా యూనివర్సిటీ తరఫున విద్యార్థులను చేర్పిస్తుంది, క్లినికల్ ఏర్పాట్లు చూస్తుంది, అందుకు మేం కట్టే ఫీజులో వాటా తీసుకుంటుంది. నేను 2022 ఆగస్టులో చేరాను. ఈ ఉత్తరం తెలుగులో రాయడానికి కారణం ఉంది. నన్ను చేర్పించిన మాటలన్నీ తెలుగులోనే జరిగాయి. ఇంగ్లీషులో నేను పంపిన పదకొండు ఈమెయిళ్లకూ 'మీ ఓపికకు ధన్యవాదాలు' అన్న ఒకే అచ్చు జవాబు వచ్చింది. మాట ఇచ్చిన భాషలోనే అడిగితే చదివేవాళ్లు ఉంటారని ఆశ.

2022 జూన్‌లో ఒక ఉదయం, నైట్ డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి మీ అడ్వైజర్ ఫోన్ చేశారు. 'అక్కా, మీరు చదువు ఒక్కటే చూసుకోండి, ప్రిసెప్టర్ సంగతి మాకు వదిలేయండి' అన్నారు. నేను అదే ప్రశ్న మూడుసార్లు అడిగాను. మా ఫ్లోర్‌లో పనిచేసే ఒక నర్సు వేరే చోట చేరి, ప్రిసెప్టర్ దొరక్క ఏడాదిపాటు ఖాళీగా ఉండిపోవడం కళ్లారా చూశాను. అందుకే ఫీజు తక్కువున్న కోర్సు వదులుకుని మరీ మీ దగ్గర చేరాను. ఆ హామీ మీ బ్రోచర్‌లోనూ ఉంది. దాని కాపీ, ఆ వారం మీ అడ్వైజర్ పంపిన వాట్సాప్ మెసేజీలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

నేను గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చదివాను. అమెరికాలో నర్సు లైసెన్సుకు రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష పాసై ఇక్కడికి వచ్చి పదకొండేళ్లయింది. షుగరు అదుపు తప్పిన మనిషే మళ్లీ మళ్లీ మా వార్డులో చేరుతుంటాడు. 'వారంలోగా మీ ఫ్యామిలీ డాక్టరును కలవండి' అని కాగితం మీద రాసిచ్చి పంపిస్తాం. అతనికి ఫ్యామిలీ డాక్టరంటూ ఎవరూ లేరు. ఇక విజిటర్ వీసా మీద వచ్చే మన అమ్మానాన్నల సంగతి సరేసరి. పాత జబ్బులకు ఇన్సూరెన్సు రాదేమోనన్న భయంతో, పిల్లలకు ఖర్చు పెట్టించడం ఇష్టం లేక, బీపీ మాత్రలు అయిపోయినా నోరు మెదపరు. గుడిలో కలిసినప్పుడు నేను నర్సునని తెలిసి చెవిలో చెప్పుకుంటారు. డాక్టరు దగ్గరికి వెళ్లండి అనడం తప్ప నా చేతిలో ఏమీ లేదు. ఆ పరిస్థితి మారాలనే, ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని, అప్పు చేసి ఈ చదువులో చేరాను.

ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ పసిబిడ్డ నుంచి పండుముసలి దాకా అందరినీ చూడాలి. పాథోఫిజియాలజీ, ఫార్మకాలజీ, హెల్త్ అసెస్‌మెంట్ మూడూ ఇంట్లో కూర్చునే చదివి పాసయ్యాను. వాటి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఫార్మకాలజీ చెప్పిన మేడం గారి దగ్గర నేర్చుకున్నది ఈ రోజుకీ వార్డులో పనికొస్తోంది. కానీ గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డ చెవిలోకి ఆటోస్కోప్‌తో చూసి, కర్ణభేరి ఏడుపు వల్ల ఎర్రబడిందా, వెనక చీము చేరి ఉబ్బిందా అని తేల్చుకోవడం ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే రాదు. తెలిసినవాళ్లు పక్కన నిలబడాలి. ముందు తాము చూసి, తర్వాత నన్ను చూడమని, ఏం కనిపించిందో చెప్పమని అడగాలి. ఆ పక్కన నిలబడే మనిషే ప్రిసెప్టర్. 1965లో కొలరాడోలో ఈ వృత్తికి మొదటి శిక్షణ మొదలుపెట్టింది కూడా ఒక నర్సూ, ఒక పిల్లల డాక్టరూ కలిసే: లొరెట్టా ఫోర్డ్, హెన్రీ సిల్వర్. ఫోర్డ్ గారు ఈ జనవరిలో 104 ఏళ్ల వయసులో కన్నుమూశారన్న వార్త చదివిన రోజుకి, నా లాగ్‌బుక్‌లో పిల్లల క్లినికల్ గంటలు సున్నా.

రోగులను నేరుగా చూసే గంటలు కనీసం 500 ఉండాలన్న పాత ప్రమాణాన్ని 2022లో 750కి పెంచారు. బొమ్మల మీద చేసే సిమ్యులేషన్ ఆ లెక్కలోకి రాదు. ఇందులో పెద్దల విభాగం 250 గంటలు 2024 వేసవికల్లా పూర్తి చేశాను. అది కూడా మీరు చూపించిన చోట కాదు. మా ఆస్పత్రిలో నాతో పనిచేసి, ఇప్పుడు నర్స్ ప్రాక్టీషనర్‌గా ఉన్న ఒక స్నేహితురాలు నా మీద అభిమానంతో ఒప్పుకుంది. అప్పుడే మీకు ఫిర్యాదు చేయాల్సింది. పని జరిగింది కదా అని ఊరుకున్నాను.

2024 ఆగస్టులో పిల్లల విభాగం మొదలవ్వాలి. టర్ముకు మూడు వారాల ముందు మీ ప్లేస్‌మెంట్ కోఆర్డినేటర్ ఒక పట్టిక పంపి, 'ఈ క్లినిక్‌లకు మీరే ఫోన్ చేసుకోండి' అన్నారు. అందులో 40 పేర్లున్నాయి. ఆరు మూతపడ్డ క్లినిక్‌లు. రెండు కంటి ఆస్పత్రులు. ఒకటి పశువుల ఆస్పత్రి. మిగిలిన చోట్లకు డ్యూటీ దిగి వచ్చి నిద్ర మానుకుని ఫోన్లు చేశాను, ఫ్యాక్సులు పంపాను, రెజ్యుమే పట్టుకుని స్వయంగా వెళ్లాను. చాలాచోట్ల రిసెప్షన్ దాటి లోపలికి పోనివ్వలేదు. ఈ ఊళ్లో కాలేజీలున్న యూనివర్సిటీలతో తమకు ఇప్పటికే ఒప్పందాలున్నాయని కొందరు మర్యాదగా చెప్పారు. డబ్బు తీసుకుని ప్రిసెప్టర్‌ను వెతికిపెట్టే ఏజెన్సీలు ఉన్నాయని మీ కోఆర్డినేటరే సలహా ఇచ్చారు. మీకు కట్టిన ఫీజు దేనికో ఆ రోజు నాకు అర్థం కాలేదు. ఇంకోసారి, గుండె జబ్బుల క్లినిక్‌లో ఖాళీ ఉంది, అక్కడ గంటలు పూర్తి చేసేయమన్నారు. పిల్లలే రాని క్లినిక్‌లో పిల్లల వైద్యం ఎలా నేర్చుకుంటాను?

అసలు బాధ ఇది కాదు. అక్టోబరులో, తెలిసినవాళ్ల ద్వారా, మా ఇంటికి నలభై మైళ్ల దూరంలో ఒక పిల్లల డాక్టరు గారు నన్ను తీసుకోవడానికి ఒప్పుకున్నారు. పైసా అడగలేదు. 'మీ స్కూలు నుంచి అగ్రిమెంట్ పంపించండి చాలు' అన్నారు. అదే రోజు మీకు ఆవిడ వివరాలు పంపాను. నా టీకాల రికార్డు, బ్యాక్‌గ్రౌండ్ చెక్, డ్రగ్ టెస్ట్, బీఎల్‌ఎస్ (ప్రాథమిక ప్రాణరక్షణ శిక్షణ) కార్డు, ఇన్సూరెన్సు పత్రం అన్నీ అప్పటికే మీ దగ్గరున్నాయి. మీరు చేయాల్సింది ఆ క్లినిక్‌కి, యూనివర్సిటీకి మధ్య ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టించడం. తొమ్మిది వారాలు పట్టింది. మధ్యలో ఫైలు చూసే మనిషి మారారన్నారు. తర్వాత ఫారం పాతదన్నారు. డిసెంబరులో కాగితం చేరేసరికి ఆవిడ ఆ స్థానాన్ని వేరే విద్యార్థినికి ఇచ్చేశారు. ఆవిడే ఫోన్ చేసి, 'సారీ అమ్మా, ఇంకెన్నాళ్లు ఆపను' అన్నారు. ఆవిడ తప్పేమీ లేదు. ఆ రోజు కారులో కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

ఇప్పుడు మార్చి వచ్చింది. రెండో టర్మూ పోయింది. చదువు కదలకపోయినా కోర్సులో పేరు నిలిపి ఉంచడానికి ప్రతి టర్ముకూ కంటిన్యుయేషన్ ఫీజు మాత్రం కార్డు నుంచి పోతోంది.

ఇంకో విషయం చెప్పక తప్పదు. చేరేటప్పుడు మీ అడ్వైజర్, పాసైతే సొంతంగా క్లినిక్ పెట్టుకోవచ్చు, ఎవరి సంతకమూ అక్కర్లేదు అన్నారు. న్యూ మెక్సికోలో, అరిజోనాలో అది నిజం. టెక్సాస్‌లో నర్స్ ప్రాక్టీషనర్ మందులు రాయాలంటే డాక్టరుతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. నేను టెక్సాస్‌లో ఉన్నానని తెలిసీ ఆ మాట ఎలా అన్నారు? పోయిన నెల గుంటూరులో ఉన్న మా పిన్ని కూతురికి మీ ఆఫీసు నుంచే ఫోన్ వచ్చింది, అక్కడే ఉండి ఈ డిగ్రీ చేసి అక్కడే నర్స్ ప్రాక్టీషనర్‌గా పనిచేయవచ్చని. మన దేశంలో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2016లో తెచ్చింది క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు, అదీ ఆస్పత్రిలో ఉండి చేసేది. మీ కోర్సులో చేరాలంటే అమెరికా ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సు ఉండాలని మీ వెబ్‌సైట్‌లోనే రాసి ఉంది. ఆ పిల్లకు లైసెన్సు లేదు, నెలకు పాతిక వేల జీతం. నా విషయంలో జరిగిన దానికంటే ఇది నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

నేను కోరేది చెబుతాను. ఏప్రిల్ 10 లోగా పిల్లల విభాగానికీ, స్త్రీల ఆరోగ్య విభాగానికీ మా ఇంటికి అరవై మైళ్ల లోపు ప్రిసెప్టర్లను చూపించి, ఒప్పందం మీద సంతకాలు పూర్తి చేసి, మొదలుపెట్టే తేదీతో సహా నాకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఆగిపోయిన రెండు టర్ముల కంటిన్యుయేషన్ ఫీజు వెనక్కి ఇవ్వండి. ఈ ఏడు నెలలను కోర్సు గడువు నుంచి మినహాయించమని మీరే యూనివర్సిటీకి రాయండి. అడ్వైజర్లు ఫోన్‌లో చెప్పే మాటల్లోంచి ప్రిసెప్టర్ హామీని తీసేయండి, లేదా ఆ హామీని ఎడ్మిషన్ పత్రంలో రాసి సంతకం పెట్టండి. మా పిన్ని కూతురికి ఫోన్ చేసిన వారితోనే మళ్లీ చేయించి నిజం చెప్పించండి.

ఆ తేదీలోగా జవాబు రాకపోతే, ఈ కాగితాలన్నీ యూనివర్సిటీ నర్సింగ్ డీన్ గారికి, కోర్సుకు గుర్తింపు ఇచ్చిన సంస్థకు పంపుతాను. నాకు మీతో గొడవ పెట్టుకునే తీరిక లేదు, ఆ కోరికా లేదు. ఇంకా 500 గంటలు మిగిలాయి. అవి పూర్తి చేసి పరీక్ష రాయాలి. పగటిపూట మీ ఫోన్ కోసం మేలుకునే ఉంటాను.

ఇట్లు,
మీ విద్యార్థిని, ఆర్‌ఎన్
(పేరు, విద్యార్థి నంబరు ఈమెయిల్‌లో విడిగా పంపాను)