చిట్టీ, ఆ లారీని పోనివ్వు

మార్కాపురం,
మే 18

చి. చిట్టికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మ ఆవకాయ పెట్టింది. ఈసారి కాయ ధర మండిపోతోంది, అయినా నీ జాడీ నీకు ఉంది. అల్లుడు గారికి వెల్లుల్లి పడదు కాబట్టి ఆయనకు వేరే సీసాలో పెట్టింది. రత్తమ్మత్తకు రెండో కంటికి కూడా శుక్లాల ఆపరేషన్ అయింది. నల్ల కళ్ళజోడు పెట్టుకుని వరండాలో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళను అడుగుల చప్పుడును బట్టే గుర్తుపడుతోంది. పెరట్లో బోరు ఇంకా నీళ్ళు ఇస్తోంది. ఎండలు మాత్రం చెప్పనలవి కాకుండా ఉన్నాయి.

ఇవన్నీ ఫోనులో చెప్పుకునే కబుర్లే. నేను చేస్తే “మీటింగులో ఉన్నాను నాన్నా, సాయంత్రం చేస్తాను” అంటావు. ఆ సాయంత్రం ఇంకా రాలేదు. మీ అమ్మ ఎంత పెద్ద సందేశం పెట్టినా నీ దగ్గర నుంచి బొటనవేలి బొమ్మ ఒకటి వస్తోంది. అందుకని ఉత్తరం రాస్తున్నాను, తీరిక దొరికినప్పుడు చదువుకో. ప్రత్యేకించి కారణమంటూ ఏమీ లేదు.

చిన్నబాబు మొన్న వచ్చి వెళ్ళాడు. పిల్లవాడి పుట్టువెంట్రుకలకు శ్రీశైలం వెళ్ళామనీ, నీ కారులోనే వెళ్ళామనీ చెప్పాడు. నువ్వు శ్రీశైలం దాకా వచ్చిన సంగతి మాకు అప్పుడే తెలిసింది. అక్కడి నుంచి దోర్నాల మీదుగా మన ఇల్లు రెండు గంటల దారి. మీ అమ్మ ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి వాడికి ఇంకో రెండు అరిసెలు తెచ్చి పెట్టింది. ఉద్యోగం చేసేవాళ్ళకు ఎన్ని తొందరలుంటాయో నాకు తెలియనిది కాదు, ఆ మాట వదిలేద్దాం.

నీ కారును వాడు చాలా మెచ్చుకున్నాడు. సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోయినా ఏసీ చల్లగా వస్తూనే ఉంటుందని వాడికి ఒకటే ఆశ్చర్యం. ఆ ఏసీ కంప్రెసరు బెల్టు మీద తిరిగేది కాదనీ, బ్యాటరీ కరెంటుతో నడుస్తుందనీ చెప్పాను. పెట్రోలు ఇంజనూ కరెంటు మోటారూ రెండూ ఉన్న ఈ హైబ్రిడ్ గ్రాండ్ విటారా నువ్వు తీసుకున్న రోజునే దానితో వచ్చిన పుస్తకం మొత్తం చదివేశాను కదా. క్లచ్చి లేదు, మన బస్సుల్లోలా గేర్లు మార్చేదీ లేదు. మూడు సిలిండర్ల ఇంజనూ మోటారూ ఒకే పళ్ళచక్రాల పెట్టెలో కలిసి, ఎవరి వంతు ఎప్పుడో కంప్యూటర్ చెప్పినట్టు నడుచుకుంటాయి. బ్రేకు వేసినప్పుడు వేడిగా వృథా అయ్యే శక్తిలో కొంత కరెంటుగా మారి బ్యాటరీలోకి తిరిగి వెళుతుంది. ఉద్యోగం చేసినంత కాలం నేను డ్రైవర్లకు నేర్పింది కూడా అదే, అనవసరంగా బ్రేకు వేయకండి, ముందు చూపుతో కాలు తీయండి అని. ఆ పాఠం యంత్రమే నేర్చుకుందని తెలిసి నాకు ఎంతో సంతోషమైంది. మంచి బండి కొన్నావు. ఆ మాట అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

వాడు ఇంకో సంగతి కూడా చెప్పాడు. కడ్తాల్ దాటాక ఒక పెద్ద లారీ వెనక చేరి, దాని గాలి చాటునే కల్వకుర్తి దాకా వచ్చావట. పసివాడు వెనక ఉండగా ఏసీ కూడా ఆపేశావట. మీటరు లీటరుకు 31 కిలోమీటర్లు చూపిస్తే ఫోటో తీసి మన పిల్లల గ్రూపులో పెట్టావట. వాడు గొప్పగానే చెప్పాడు, చాడీ చెప్పలేదు. వాడిని ఏమీ అనకు.

గాలి చాటున వెళితే పెట్రోలు తక్కువ తాగుతుందన్నది నిజమే. వేగం పెరిగేకొద్దీ ఇంజను శక్తిలో పెద్ద వాటా గాలిని తోసుకుపోవడానికే ఖర్చవుతుంది. అయితే ఆ లాభం మీటరులో కనబడాలంటే లారీకి ఎంత దగ్గరగా ఉండాలో కూడా నాకు తెలుసు. 80 వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ముందు బండికీ మనకూ కనీసం మూడు సెకన్ల ఎడం ఉండాలని నేను ఎంతమందికి చెప్పి ఉంటాను? అంటే 66 మీటర్లు. 31 వచ్చిందంటే నువ్వు అందులో సగం దూరంలో కూడా ఉండి ఉండవు తల్లీ. లారీ డ్రైవరు గుంత చూసి పక్కకు తిప్పుకుంటాడు. నీకు ఆ గుంత కనిపించేసరికి అది నీ చక్రం కింద ఉంటుంది. ఆ దారిలో వెనక లైట్లు వెలగని లారీలు ఎన్నో నువ్వూ చూసే ఉంటావు. వెనక్కి పొడుచుకు వచ్చిన ఇనుప చువ్వలకు ఎర్రగుడ్డ కూడా కట్టరు కొందరు.

సరే, నీకు తెలియని విషయాలేమీ కావు. నిమ్మచెట్టు ఈ ఏడు బాగా కాసింది. మీ అమ్మ ఊరగాయకు సరిపడా కోసి, మిగతావి వీధిలో పంచింది.

నిన్న మధ్యాహ్నం నిద్ర పట్టక ఒక లెక్క వేశాను. నువ్వు ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరుగుతావనుకుందాం. పాత కారు లీటరుకు 15 ఇచ్చేది, అంటే 800 లీటర్లు. ఇది 22 ఇస్తే 545 లీటర్లు చాలు. లీటరు 107 రూపాయలనుకుంటే ఏడాదికి 27,000 పైచిలుకు మిగులుతుంది. ఆ డబ్బు నువ్వు మామూలుగా నడిపినా నీకు వచ్చేదే. ఇప్పుడు పట్టుబట్టి, చెమటలు కక్కుతూ, లారీల వెంట పడి ఆ 22ను 24 చేశావనుకో. మిగిలేది 45 లీటర్లు. నెలకు 400 రూపాయలు! లీటరుకు వచ్చే కిలోమీటర్లు పెరిగేకొద్దీ, ఇంకో కిలోమీటరు పెంచినందుకు అదనంగా మిగిలే పెట్రోలు తగ్గిపోతూ ఉంటుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూసుకో, నా మాట నమ్మనక్కర లేదు. కంపెనీవాళ్ళు చెప్పే 27.97 పరీక్షశాలలో రోలర్ల మీద నడిపి రాబట్టిన సంఖ్య. అక్కడ గుంతలు లేవు, గేదెలు అడ్డం రావు. పైగా ఇప్పుడు బంకులో పోస్తున్న పెట్రోలులో 20 శాతం ఇథనాల్. దానికి పెట్రోలంత సత్తువ ఉండదు. కాబట్టి మీటరు కాస్త తక్కువ చూపిస్తే నీ నడపడంలో లోపమని బాధపడకు.

నీకు ఒక సంగతి ఎప్పుడూ చెప్పలేదు. మా డిపోలో కె.ఎం.పి.ఎల్. బోర్డు ఉండేది గుర్తుందా, ఏ డ్రైవరు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడో గేటు పక్కన సుద్దతో రాసేవారు? బస్సులకు లీటరుకు ఐదు కిలోమీటర్లు వస్తే పండగే. ఒక డ్రైవరు ఎప్పుడూ పైవరసలో ఉండేవాడు. పేరు రాయను, అతని పిల్లలు నీకు తెలుసు. చెయ్యి తిరిగిన మనిషి, తాగుడు లేదు, ఒక్క ఫిర్యాదు లేదు. ఆ బోర్డు మీద తన పేరు దిగకూడదన్నదే పట్టుదల. శివరాత్రి రద్దీ తగ్గుతున్న రోజుల్లో శ్రీశైలం నుంచి దోర్నాలకు నిండు బస్సుతో దిగుతున్నాడు. ఘాట్‌లో గేరు తీసేసి న్యూట్రల్‌లో వదిలేశాడు. డీజిలు మిగులుతుంది, బండి దానంతట అదే పోతుంది. ఇంజను పట్టు లేకపోయేసరికి బరువంతా బ్రేకుల మీదే పడింది. మలుపు మలుపుకూ తొక్కీ తొక్కీ డ్రమ్ములు కాలిపోయాయి, లైనర్లు కమిలిపోయాయి. ఆ తర్వాత పెడలు తొక్కితే గాలి పోతున్న చప్పుడు వస్తోందట గానీ బండి ఆగడం లేదు. మళ్ళీ గేరు వేద్దామంటే ఆ వేగంలో పళ్ళు కలవలేదు. ఎడమవైపు లోయ. అతనికి ఆ క్షణంలో తోచిన మంచి ఆలోచన ఒక్కటే. స్టీరింగు కుడికి కోసి బస్సును కొండవైపు కాలువలోకి దింపి, బండను రాసుకుంటూ పోనిచ్చాడు. బస్సు పక్కంతా చీరుకుపోయి ఆగింది.

నేను రెండో బస్సులో మనుషులను తీసుకుని వెళ్ళేసరికి చక్రాల నుంచి ఇంకా పొగ వస్తోంది. కాలిన లైనర్ల వాసన ముక్కు నుంచి చాలాకాలం పోలేదు. ఒకావిడకు భుజం ఎముక విరిగింది, కండక్టరుకు ముందు పళ్ళు పోయాయి, మిగతావాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు. ఒక ముసలావిడ స్వామి విభూతి పొట్లం విప్పి, వరసగా అందరి నుదుటా పెడుతోంది. అతను కల్వర్టు మీద కూర్చుని ఉన్నాడు. దగ్గరకు వెళితే నా వైపు చూసి, “ఈ ట్రిప్పు ఆరు వచ్చేది సార్” అన్నాడు. అంతమంది దెబ్బలు తిని పడి ఉండగా అతని నోట వచ్చిన మొదటి మాట అది. నాకు కోపం రాలేదు చిట్టీ, భయం వేసింది. మంచివాడిని, బాధ్యత తెలిసినవాడిని కూడా ఒక సంఖ్య అంతగా పట్టుకోగలదని ఆ రోజు కళ్ళారా చూశాను. నీ 31 ఫోటో చిన్నబాబు ఫోనులో చూపించినప్పుడు నాకు ఆ కల్వర్టే గుర్తొచ్చింది.

నీ కారు విషయంలో ఇంకొకటి ఉంది. న్యూట్రల్‌లో పెడితే బ్యాటరీకి చార్జింగ్ కూడా జరగదు, పుస్తకంలో స్పష్టంగా రాశారు. కాబట్టి ఆ పని చేసి నష్టపోవడమే తప్ప లాభం ఏమీ లేదు. దోమలపెంట దాటి కృష్ణ వైపు దిగేటప్పుడు గేరు మీటను ‘బి’లో పెట్టు. అది మన బస్సులో తక్కువ గేరులో దిగడం లాంటిదే. దిగుతూ దిగుతూ కొంతదూరం పోయాక ఇంజను ఒక్కసారిగా పెద్దగా మోగుతుంది. కంగారు పడకు. నీ బ్యాటరీ ఒక యూనిట్ కరెంటు కూడా పట్టనంత చిన్నది. అది నిండిపోయాక బండిని పట్టి ఉంచే పని ఇంజనుకు వస్తుంది, అందుకే ఆ చప్పుడు. బండికి ఏదో అయిందని గేరు మార్చకు.

రత్తమ్మత్త మనవరాలు మీ ఆఫీసు ఉన్న వైపే పనిచేస్తుంది కదా, అక్కడ చాలా కంపెనీల్లో మనుషులను తగ్గిస్తున్నారని చెప్పిందట. మీ దగ్గర అలాంటిదేమీ ఉండదనే అనుకుంటున్నాను. నేను అడగడం లేదు. ఈ కారు మామూలు పెట్రోలు బండి కంటే ఎక్కువ పెట్టి కొన్నావు, వాయిదాలు ఉంటాయి, ఆ తేడా రాబట్టుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ శ్రీశైలం దాకా వచ్చి ఇంటికి రాకుండా తిరిగి వెళ్ళావంటే, మార్కాపురం రానూపోనూ పెట్రోలు గురించి ఆలోచించావా అని మీ అమ్మకు అనుమానం. నాకు లేదు, మీ అమ్మకే. ఏమైనా నా ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి ఆగస్టులో గడువు తీరుతుంది. దానితో ఏం చేయాలో మేమిద్దరం ఇంకా ఏమీ అనుకోలేదు. ఇల్లు సున్నం ఇంకో ఏడు ఆగుతుంది. అల్లుడు గారికి ఈ మాట చెప్పాలో వద్దో నీ ఇష్టం.

బండి జాగ్రత్తలు కొన్ని. ఇంజను ఆగి ఉంది కదా అని సెల్లారులో బండి దిగి వెళ్ళిపోకు. ‘రెడీ’ అని వెలుగుతూ ఉంటే బండి ఇంకా నడుస్తున్నట్టే, బ్యాటరీ తగ్గగానే ఇంజను దానంతట అదే మొదలవుతుంది. రివర్స్ తీసేటప్పుడు చుట్టూ ఒకసారి చూసుకో, పెద్దగా చప్పుడు చేయని బండిని పిల్లలు త్వరగా పసిగట్టలేరు. బ్యాటరీకి గాలి తీసుకునే జాలీకి అడ్డంగా సంచులు పెట్టకు. టైర్లలో గాలి డ్రైవరు తలుపు దగ్గర అతికించిన చీటీ ప్రకారం పెట్టించు, ఎండాకాలం కదా అని తగ్గించవద్దు. మైలేజీ కావాలంటే ముందు చూడవలసింది అదే. ఏసీ వేసుకో. ఎండలో నీకు తల తిరుగుతుంది, చిన్నప్పటి నుంచీ అంతే.

జూన్ మొదటి వారంలో వస్తావని మీ అమ్మకు చెప్పేశాను. సాగర్ మీదుగా వచ్చినా సరే. శ్రీశైలం దారిలో వస్తే మాత్రం అడవిలోకి రాకముందే పెట్రోలు నింపుకో, మన్ననూరు గేటు రాత్రి 9కి మూస్తారు. గేటు అందుకోవాలని పరుగులు పెట్టకు, పొద్దున్నే బయలుదేరు. ముందు లారీ ఉంటే దాన్ని పోనివ్వు, కావాలంటే ఎక్కడైనా ఆగి టీ తాగు. మజ్జిగ సీసా, ఒక తువ్వాలు పెట్టుకో.

ఉత్తరం అందగానే ఫోను చెయ్యి. నాకు చేయడం ఇబ్బందిగా ఉంటే మీ అమ్మకు చెయ్యి.

మీ నాన్న

తా.క.: జాడీ బస్సులో పంపిద్దామంటే మీ అమ్మ ఒప్పుకోవడం లేదు. నువ్వే వచ్చి తీసుకెళ్ళాలట.