మాత్రలు వేసుకోని తప్పు మాదేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్లో పల్లెటూళ్ల ఆడవాళ్ల రక్తహీనత గురించి వార్త వేశారు కదండీ, ఐరన్ మాత్రలు ఫ్రీగా ఇస్తున్నా మాకు అవగాహన లేక వేసుకోవట్లేదని ఒక ఆఫీసర్ గారు అన్నట్టు రాశారు. ఎవరైనా జవాబు రాస్తారేమోనని నాలుగు రోజులు చూశాను, ఎవరూ రాయలేదు, ఇక ఉండబట్టలేక నేనే రాస్తున్నా.

మా కోడలికి ఇప్పుడు ఆరో నెల. ఎర్ర మాత్రలు, కాల్షియం మాత్రలు ఒకే కవర్లో వేసి చేతిలో పెట్టారు, అంతే, ఇంకో మాట లేదు. ఈ పిల్ల పొద్దున్నే టీ తాగి రెండూ కలిపి వేసుకునేది. రెండు రోజులకే వికారం, మలబద్ధకం, పైగా విరేచనం నల్లగా వస్తోందని కడుపులో బిడ్డకి ఏమవుతుందోనని హడలిపోయి ఆపేసింది. తర్వాత చెకప్‌లో ఈ సంగతి చెప్తే అక్కడి సిస్టర్ అందరి ముందూ కసిరింది, కార్డు మీద ఏదో రాసి పంపించేసింది. ఇంటికొచ్చి ఏడ్చింది. ఆ మాత్రల అట్టలు చాలా రోజులు బియ్యం డబ్బా వెనక అలాగే పడి ఉండేవి, రెండే రెండు గుంటలు ఖాళీ.

చివరికి మా ఊరి ఆరోగ్య కార్యకర్త, ఆశా అమ్మాయి వచ్చి మంచం మీద పక్కన కూర్చుని చెప్పింది. ఐరన్, కాల్షియం కలిపి వేసుకోకూడదు, మధ్యలో రెండు గంటలైనా ఉండాలి, టీతో పాలతో అసలొద్దు, రాత్రి అన్నం తిన్నాక వేసుకో, నిమ్మకాయ నీళ్లు తాగు, నల్లగా రావడం మామూలే భయపడకు అని. పది నిమిషాలు కూడా పట్టలేదండీ. ఆ రోజు నుంచి ఒక్క రాత్రి మానలేదు. మరి అవగాహన లేనిది ఎవరికి?

గర్భిణి 180 రోజులు ఈ మాత్రలు వేసుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అలా పూర్తిగా వేసుకున్న తల్లులు నూటికి 26 మందే. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు అంతకుముందు సర్వేలో 53 శాతం ఉంటే ఇందులో 57 అయ్యారు. నలుగురిలో ముగ్గురు పూర్తి చేయలేదంటే ఆ ముగ్గురికీ బుద్ధి లేదనుకోవాలా, ఇచ్చే పద్ధతిలో లోపం ఉందేమో చూసుకోరా?

మేము మాట వినం అనడం కూడా అన్యాయం. 2005-06లో ఆస్పత్రి కాన్పులు దేశం మొత్తం మీద 39 శాతం లోపే, 2019-21 సర్వే నాటికి 89 దగ్గరకొచ్చాయి. నా రెండు కాన్పులూ ఇంట్లోనే అయ్యాయి, రెండోసారి రక్తం ఆగక చావు తప్పి బయటపడ్డాను, అందుకే కోడల్ని నేనే ముందుండి ఆస్పత్రికి తీసుకెళ్తున్నా. మేలు కనబడితే ఎవరు వెళ్లరు చెప్పండి?

ప్రతి నెలా 9న గర్భిణులకి ఫ్రీ చెకప్ అని 2016లో పెట్టారు, చాలా మంచి పని, కాదనను. కానీ మేం వెళ్లిన చోట పొద్దున పోతే మధ్యాహ్నం దాకా లైను, ఆ రోజు కూలి పోయినట్టే, బెంచీలు చాలక నెలలు నిండిన వాళ్లు కూడా నేల మీదే కూర్చున్నారు, బాత్రూంకి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో అడిగితే ఒకరు ఇంకొకరిని చూపిస్తారు. కడుపుతో ఉన్న మనిషికి బాత్రూం ఎంత అవసరమో ఇంత చదువుకున్న వాళ్లకి మేం చెప్పాలా?

ఇక ఆశా వాళ్ల సంగతి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీళ్లకి అవార్డు ఇచ్చింది, మన ప్రభుత్వాలకి మాత్రం ఇంకా వాలంటీర్లే, జీతం అనరు పారితోషికం అంటారు. దానికి తోడు యాప్‌లు, ఫొటోలు ఎక్కించడాలు, మా ఇంట్లో కూర్చున్నంతసేపూ సగం టైం ఫోన్ మీదే తల వంచుకుని ఉంటుంది పాపం, మనిషితో మాట్లాడే పని చేసే ఒక్క మనిషినీ ఇలా చేస్తే ఎలా?

ఈసారి 9వ తేదీన మీ విలేఖరిని ఏదో ఒక పీహెచ్‌సీకి పంపి పొద్దున్నుంచి ఆ లైన్లోనే కూర్చోమనండి. మాత్రలు చేతిలో పెట్టేటప్పుడు ఒక్కొక్కరికి ఎన్ని మాటలు చెప్తున్నారో రాసుకుని రమ్మని, అది కూడా అదే పేజీలో వెయ్యండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు