పనిచోట కెమెరా ఎందుకో రాసి చూపాలి

సంపాదకులకు నమస్కారం.

పనిచేసే చోట సీసీ కెమెరాలు ఉండటంపై నాకు అభ్యంతరం లేదు. గోదాములో సరుకు పోకుండా, క్యాష్ కౌంటర్ దగ్గర గొడవ వస్తే నిజం తేలేలా, యంత్రం వద్ద ప్రమాదం జరిగితే కారణం తెలిసేలా అవి ఉపయోగపడతాయి. నా బాధంతా దొంగతనాల కోసమని పెట్టిన కెమెరా, ఎవరికీ చెప్పకుండానే ఉద్యోగుల హాజరుకు, పనితీరుకు, చివరికి వారి ఆరోగ్యానికి కూడా లెక్కలు కట్టే సాధనంగా మారిపోవడం గురించే.

నేను పనిచేసిన ఒక కార్యాలయంలో మరుగుదొడ్లకు వెళ్లే వరండాలో ఒక కెమెరా ఉండేది. లోపలి భాగమేదీ అందులో పడదు కనుక తప్పేమీ లేదని యాజమాన్యం అనుకుంది. ఒకరోజు సూపర్‌వైజరు తన సెల్‌ఫోన్‌లో ఆ దృశ్యాలను వెనక్కి తిప్పి చూసి, ఒక సహోద్యోగినిని పిలిచి, "మధ్యాహ్నంలోపే అన్నిసార్లు లేచారేమండీ?" అని అందరి ముందే అడిగారు. ఆమె అప్పటికి గర్భవతి. ఇంట్లోవారికి తప్ప ఇంకెవరికీ చెప్పని ఆ సంగతిని, ఉద్యోగం కాపాడుకోవడానికి ఆమె అక్కడికక్కడే చెప్పుకోవలసి వచ్చింది.

తప్పు చేయనివారికి కెమెరా అంటే భయమెందుకని అడిగేవారు ఆమె చేసిన తప్పేమిటో చెప్పాలి. ఎవరు ఎన్నిసార్లు లేచారు, ఎంతసేపటికి తిరిగి వచ్చారు, ఎవరితో నిలబడి మాట్లాడారు అన్న వివరాలు చాలు, జబ్బులూ స్నేహాలూ కార్మిక సంఘం ఆలోచనలూ బయటపడటానికి. ఇప్పుడు చాలా కెమెరాలు మాటలను కూడా రికార్డు చేస్తున్నాయి. ఇందులో సూపర్‌వైజర్లనే నిందించి లాభం లేదు. చూసే వీలు చేతికిచ్చి, ఎప్పుడు చూడకూడదో రాసి పెట్టకపోతే ఎవరైనా చూస్తారు.

ఈ హద్దు గీయడం అసాధ్యమేమీ కాదు. ఉద్యోగుల పనిని దూరం నుంచి కనిపెట్టడం కోసం కెమెరాలు వాడకూడదని ఇటలీ 1970లోనే కార్మిక చట్టంలో రాసుకుంది. మాంటెనెగ్రోలో ఒక విశ్వవిద్యాలయం తరగతి గదుల్లో కెమెరాలు పెట్టినప్పుడు, అది అధ్యాపకుల వ్యక్తిగత జీవితంలో జోక్యమేనని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2017లో తేల్చింది. అదే న్యాయస్థానం 2019లో, స్పెయిన్‌లోని ఒక సూపర్‌మార్కెట్ రహస్యంగా పెట్టిన కెమెరాల విషయంలో ఉద్యోగుల వాదనను అంగీకరించలేదు. దొంగతనాలపై బలమైన అనుమానం ఉండటం, నిఘా 10 రోజులకే పరిమితం కావడం, దృశ్యాలను కొద్దిమందే చూడటం వంటివి అందుకు కారణాలు. యాజమాన్యానికి అనుకూలమైన ఆ తీర్పులోనూ ఎందుకు, ఎన్నాళ్లు, ఎవరు చూశారు అన్న ప్రశ్నలకే విలువ దక్కింది.

కాబట్టి ఏ కెమెరా దేనికోసం పెట్టారో, దృశ్యాలను ఎవరు చూడవచ్చో, మాటలు కూడా రికార్డవుతాయో లేదో, ఎన్ని రోజులకు చెరిపేస్తారో రాసిన కాగితాన్ని యాజమాన్యం ప్రతి ఉద్యోగికీ ఇవ్వాలి. రాసిన పనికి తప్ప మరో పనికి ఆ దృశ్యాలను వాడకూడదు. మరుగుదొడ్ల దారి, దుస్తులు మార్చుకునే గదులు, విశ్రాంతి గదులు ఏ కెమెరా కంటా పడకూడదు.

ఇంకొక్క విషయం ఎవరూ పట్టించుకోవడం లేదు. రికార్డరు నిండగానే పాత దృశ్యాలు వాటంతటవే చెరిగిపోతుంటాయి. చర్యకు పనికొచ్చే ముక్కను యాజమాన్యం ముందే దాచుకోగలదు. తన వైపు నిజం చూపడానికి ఉద్యోగి అడిగే వేళకు మిగతాది ఉండదు. అందుకే దృశ్యాల ఆధారంగా ఎవరికైనా నోటీసు ఇస్తే, ఆ రోజు రికార్డు మొత్తాన్ని భద్రపరచి, ఇతరుల ముఖాలు కనబడకుండా చేసి, నోటీసుతోపాటే దాని ప్రతిని ఆ ఉద్యోగికి అందజేయాలన్న నిబంధన ఉండాలని కోరుతున్నాను.

– ఒక ఉద్యోగి